తోటకూర వాడిందని పసిబిడ్డకు ఎవరు చెప్పారు?

(తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్ల కోసం ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మలకు ముందుగా ఒక మాట. పిల్లలు ఏడిస్తే సభకు ఇబ్బంది అవుతుందేమో అని టెన్షన్ పడకండి. ఇవాళ మనం మాట్లాడుకునేది వాళ్ళ గురించే.

మొన్న ఆదివారం మా అమ్మాయి, నేను, పది నెలల మా మనవరాలు రైతుబజారుకు వెళ్ళాం. పిల్ల నా చంకలో ఉంది. తోటకూర అమ్మే ఆవిడ ముందు రెండు కుప్పలున్నాయి. ఒకటి అప్పుడే తడి గోనెపట్టా కిందనుంచి తీసి నీళ్ళు చిలకరించిన కట్టలు. ఇంకొకటి పొద్దుటినుంచి ఎండలో ఉండి తలలు వాల్చేసిన కట్టలు. పిల్ల కాసేపు అటూ ఇటూ చూసి, నీళ్ళు చిలకరించిన కుప్ప మీదికి వంగి చెయ్యి చాచింది. ఆ ఆకు మీద నీటిబొట్టు వేలికి తగలగానే చెయ్యి వెనక్కి తీసుకుని వేలు చూసుకుంది. కూర అమ్మే ఆవిడ "చూశారా అమ్మా, ఎంత తెలివో! తాజా కూరే పట్టుకుంది" అని మురిసిపోయింది. అమ్మమ్మని కదా, నేనూ మురిసిపోయాను.

ముప్ఫై ఏళ్ళు పిల్లల మనస్తత్వం గురించి పాఠాలు చెప్పాను. అందుకే ఇంటికొచ్చి ఆకు ఒలుస్తుంటే ఆలోచన మొదలైంది. పిల్ల చెయ్యి చాచింది తాజాదనం కోసమా, తళతళ కోసమా? పక్కనే ఒక స్టీలు గ్లాసు ఉంటే దానికోసమూ అలాగే వంగేది. కంటికి తేడా తెలియడం ఒకటి, ఆ తేడాకి అర్థం తెలియడం ఇంకొకటి. ఈ రెండిటి మధ్యా మూడు నాలుగేళ్ళ దూరం ఉంది. ఆ దూరం పిల్లలు ఎలా నడుస్తారో, ఎవరి చెయ్యి పట్టుకుని నడుస్తారో చెప్పాలని వచ్చాను.

ముందు అసలు తాజాదనం అనేది కంటికి ఎలా కనబడుతుందో చూద్దాం. కోసిన వెంటనే ఆకు కణాల్లో నీరు నిండుగా ఉంటుంది. ఆకు బిర్రుగా ఉంటుంది. దాని మీద వెలుగు పడితే కొన్నిచోట్ల చుక్కల్లా గట్టిగా మెరుస్తుంది, మిగతా చోట్ల ముదురుగా ఉంటుంది. నీరు పోయేకొద్దీ కణాలు చప్పబడతాయి, పైపొర ముడతలు పడుతుంది, వెలుగు చెదిరిపోతుంది. అప్పుడు ఆకు మొత్తం ఒకేలా మబ్బుగా కనిపిస్తుంది. వంకాయైనా టమాటా అయినా అంతే. చేప కన్ను చూడండి. తాజా చేపకి ఆ కన్ను ఉబ్బి, తేటగా, తడిగా ఉంటుంది. నిలవ ఉన్న చేపకి లోపలికి పోయి తెల్లగా మసకేస్తుంది. మన ఆడవాళ్ళు మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూస్తారు గానీ, దానికంటే ముందే కన్ను సగం మాట చెప్పేసి ఉంటుంది.

జపాన్‌లో దీనిమీద చాలా ఓపిగ్గా పనిచేశారు. యూజీ వాడా, ఆయన సహచరులు క్యాబేజీ ఆకు గంట గంటకీ ఎలా వాడిపోతుందో ఫొటోలు తీసి, మనుషులకు చూపించి, ఏది తాజాగా ఉందని అడిగారు. ఆకు మీద వెలుగూ నీడా ఎలా పరుచుకున్నాయన్నదాన్ని బట్టి మనం తాజాదనం నిర్ణయిస్తామని వాళ్ళు 2010లో రాశారు. 2016లో జపాన్ పరిశోధకులే చింపాంజీలకు కూడా క్యాబేజీ ఫొటోలు చూపించారు. అవీ తాజా ఆకునీ వాడిన ఆకునీ వేరుచేయగలిగాయి. అంటే ఈ చూపు మనిషికి మాత్రమే ఉన్నది కాదు. చెట్టెక్కి కాయ కోసుకు తినే ప్రతి జీవికీ ఇది అవసరమే.

మరి పసిబిడ్డకి ఈ మెరుపు ఎప్పటినుంచి కనబడుతుంది? పుట్టిన బిడ్డకి జానెడు, మహా అయితే జానెడున్నర దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా ఆనుతుంది. ఒళ్ళో పడుకున్న బిడ్డకి అమ్మ మొహం ఉండే దూరం అది. రంగులు కూడా ఒక్కసారిగా రావు. రెండో నెల దాటేసరికి ఎరుపూ పచ్చా వేరని తెలియడం మొదలవుతుంది, నీలం పసుపు తేడా ఇంకాస్త తర్వాత వస్తుంది. నాలుగో నెలకి రంగుల లోకం దాదాపు మనకున్నట్టే ఉంటుంది.

ఇవన్నీ మాటలు రాని పిల్లల నుంచి ఎలా తెలుసుకున్నారని మీకు అనిపించాలి. అమెరికాలో రాబర్ట్ ఫాంట్జ్ అనే ఆయన 1950ల చివరలో చాలా సులువైన ఉపాయం కనిపెట్టాడు. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి పైన రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టేవాడు. మధ్యలో చిన్న కన్నం. ఆ కన్నంలోంచి చూస్తే బిడ్డ కంటిపాప మీద ఏ బొమ్మ నీడ పడుతోందో కనిపిస్తుంది. రెండిట్లో ఒకదాన్ని ఎక్కువసేపు చూస్తే, ఆ రెండిటి మధ్య తేడా బిడ్డకి తెలుస్తోందన్నమాట. ఇంత చిన్న ఉపాయంతో పసిపిల్లల లోకం తలుపు తెరుచుకుంది. ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఆ పద్ధతే, కాకపోతే కన్నం బదులు కెమెరా ఉంటుంది.

నన్ను నిద్రపోనివ్వని ప్రయోగం ఒకటుంది. జియాలే యాంగ్, సో కనజావా, మసామి యామగుచి, ఇసాము మోటోయోషి అనే నలుగురు 2015లో అచ్చువేశారు. 3 నెలల నుంచి 8 నెలల దాకా వయసున్న పిల్లలకు వస్తువుల బొమ్మలు చూపించారు. కొన్ని బొమ్మల్లో వస్తువు అదే, మీద పడే వెలుతురు మాత్రం మారింది. కొన్నిట్లో మెరిసే వస్తువు కాస్తా మెరుపు లేనిదైంది. పెద్దవాళ్ళకి మెరుపు పోతే వెంటనే తెలుస్తుంది. వెలుతురు కాస్త మారితే మాత్రం పట్టదు, ఎందుకంటే వస్తువు అదే కదా అని మన బుర్ర సర్దేసుకుంటుంది. మూడు నాలుగు నెలల పిల్లలు సరిగ్గా దానికి తిరగేసి ఉన్నారు. మనకు పట్టని ఆ వెలుతురు తేడా వాళ్ళకి తెలుస్తోంది. ఐదు నెలలు దాటాక ఆ శక్తి పోయింది. ఏడెనిమిది నెలలకి మెరుపున్నదీ లేనిదీ వేరని తెలియడం మొదలైంది.

ఒక్క నిమిషం దీనిగురించి ఆలోచించండి. కళ్ళు తెరిచిన కొత్తలో బిడ్డ కంటికి మనకంటే ఎక్కువ తెలుస్తోంది. కానీ అన్నీ తెలిస్తే ఏదీ పనికిరాదు. కిటికీ దగ్గర పెట్టిన టమాటా, దీపం కింద పెట్టిన టమాటా రెండూ వేరనుకుంటే టమాటా అన్నది ఎప్పటికీ తెలియదు. అందుకని వెలుతురుని పక్కకి పెట్టి వస్తువుని పట్టుకోవడం బిడ్డ నేర్చుకుంటుంది. ఒక రకం తేడాలు వదులుకుంటేనే ఇంకో రకం తేడాలు చేతికి వస్తాయి. ఇదే వయసులో, ఏడెనిమిది నెలలకే, పిల్లలు మామూలు పసుపురంగు కంటే బంగారు రంగుని ఎక్కువసేపు చూస్తారని వీళ్ళలో యాంగ్, కనజావా, యామగుచి 2013లో చూపించారు.

ఇక్కడ మన అన్నప్రాశన గుర్తొస్తుంది. ఆరు నెలలు నిండినప్పటినుంచి తల్లిపాలతో పాటు ఇంటి తిండి మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన పెద్దవాళ్ళు కూడా ఆరో నెల దగ్గరే ముహూర్తం పెట్టారు. తిండి నోటికి చేరే రోజులూ, వస్తువు పైపొర ఎలా ఉందో కంటికి తెలిసే రోజులూ ఒకదాన్ని ఒకటి ఆనుకుని వస్తున్నాయి. ఇందులో నేను పెద్ద రహస్యం వెతకను. కానీ ఆ రోజుల్లో బిడ్డ ముందు ఏం పెడుతున్నాం అన్నది మాత్రం చాలా ముఖ్యం.

సరే, కన్ను సిద్ధమైంది. మరి "ఇది పాడైంది, తినకూడదు" అన్న భయం ఎప్పుడొస్తుంది? ఇక్కడే చాలామంది తల్లులు పొరబడతారు. పిల్లలకి పుట్టుకతోనే అసహ్యం ఉంటుందనుకుంటారు. చేదు నాలుకకి తగిలితే పుట్టిన రోజు బిడ్డ కూడా మొహం వికారంగా పెడుతుంది, నిజమే. కానీ అది నాలుక పని. కంటితో చూసి ఛీ అనుకోవడం వేరే సంగతి. అమెరికాలో పాల్ రోజిన్ బృందం 1986లో ఏడాది నాలుగు నెలల వయసు నుంచి ఐదేళ్ళ దాకా పిల్లల ముందు రకరకాలవి పెట్టి చూసింది. అందులో ఒకటి, తినే పదార్థాలతోనే కుక్క మలంలా కనిపించేట్టు చేసిన ముద్ద. రెండున్నరేళ్ళ లోపు పిల్లల్లో సగంమందికి పైగా దాన్ని నోట్లో పెట్టేసుకున్నారు. పెద్ద పిల్లలు వద్దన్నారు. మీ బాబు నేలమీద దొరికిన కుళ్ళిన ద్రాక్షపండు నోట్లో పెట్టుకుంటే వాడికి బుద్ధి లేదని కాదమ్మా. ఆ పండు నల్లగా, మెత్తగా ఉందని వాడి కంటికి తెలుసు. అలా ఉంటే పాడైనట్టు అని మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

ప్రకృతి ఎందుకు ఈ పాఠం పుట్టుకతో ఇవ్వలేదు అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. జవాబు మన వంటింట్లోనే ఉంది. అరటిపండు తోలు మీద నల్లచుక్కలు వస్తే మనం పండింది అంటాం, తియ్యగా ఉంటుందని ఎగబడతాం. బెండకాయ మీద అవే నల్లచుక్కలొస్తే పారేస్తాం. కొత్తబియ్యం అన్నం ముద్దవుతుందని పాతబియ్యం వెతికి కొంటాం. దోసెల పిండి పొంగి, పుల్లటి వాసన వస్తేనే సంతోషం. అదే పప్పు పొంగి నురగ కడితే పారబోస్తాం. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పొద్దున్న చద్దన్నం అంటాం, పప్పుచారు అలాగే మిగిలితే పాచిపోయిందంటాం. గోదావరి జిల్లాల్లో పుట్టిన పిల్లకి ఎండుచేప వాసన అన్నానికి పిలుపు. ఇంకో ఇంట్లో పుట్టిన పిల్ల ముక్కు మూసుకుంటుంది. ఏది తాజా, ఏది నిలవ, ఏది మాగినది, ఏది కుళ్ళినది అన్న గీత ఊరూరికీ, ఇంటింటికీ మారుతుంది. అలాంటి గీతని పుట్టుకతోనే గీసి పంపితే బిడ్డ ఏ ఊళ్ళో పుట్టినా ఆ ఊరి తిండి తినలేదు. అందుకే కన్ను మాత్రం ఇచ్చి, గీత గీసే పని మన చేతిలో పెట్టింది. నాకు తోచిన కారణం ఇది.

మన చేతిలో అంటే, నిజంగా మన చేతిలోనే. యేల్ విశ్వవిద్యాలయంలో యానీ వెర్ట్జ్, కేరెన్ విన్ అనే ఇద్దరు 2014లో రెండు మంచి ప్రయోగాలు అచ్చువేశారు. ఒకదాంట్లో, 8 నెలల నుంచి ఏడాదిన్నర దాకా వయసున్న పిల్లల ముందు మొక్కలూ వేరే వస్తువులూ పెట్టారు. పిల్లలు మిగతా వస్తువుల్ని చటుక్కున పట్టుకున్నారు. మొక్కని ముట్టుకోవడానికి మాత్రం ఎక్కువసేపు ఆగారు. ఆ కాసేపు ఆగడంలో ఏముందో రెండో ప్రయోగంలో తేలింది. ఒక పెద్దమనిషి మొక్క నుంచి ఒక పండు తెంపి నోట్లో పెట్టుకున్నారు. అలాగే మొక్క కాని వస్తువు మీదనుంచి కూడా ఇంకో పండు తీసి నోట్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఏది తింటావంటే ఏడాదిన్నర పిల్లలు మొక్క మీది పండునే ఎంచుకున్నారు. ఆరు నెలల పిల్లల చూపు కూడా ఆ తేడాని చూపించింది. అంటే బిడ్డ ఊరికే ఆగడంలేదు. పక్కనున్న పెద్దవాళ్ళు ఏం చేస్తారో చూద్దామని ఆగుతోంది. మొక్క విషయంలో, తిండి విషయంలో పిల్లలు మన నోటివైపు చూస్తారు.

ఇంకో సంగతి. షికాగోలో జోయీ లీబర్‌మన్, ఆమె తోటివాళ్ళు 2016లో చేసినది. ఒకరు ఒక తిండిని ఇష్టంగా తింటే, అదే భాష మాట్లాడే ఇంకొకరూ దాన్ని ఇష్టపడతారని ఏడాది దాటిన పిల్లలు అనుకుంటారు. వేరే భాషవాళ్ళ గురించి అలా అనుకోరు. కానీ ఒకరు ఛీ అని మొహం తిప్పుకుంటే, భాష ఏదైనా అందరూ ఛీ అంటారనే అనుకుంటారు. రుచి అనేది మన వాళ్ళ సంగతి, ఛీ అనేది మనుషులందరి సంగతి అన్నమాట. మీ నోటినుంచి వచ్చే ఆ ఒక్క అక్షరానికి ఎంత బరువుందో చూడండి. ఆ బరువు తెలిస్తే, పాలకూర పప్పు తినిపిస్తూ పక్కనున్నవాళ్ళతో "నాకు పాలకూరంటే ఛీ" అని ఎవరూ అనరు.

పోయినసారి ఇలాంటి సభలోనే ఒక అంగన్‌వాడీ టీచరమ్మ అడిగింది: "మూడేళ్ళ పిల్లకి మాత్రం ఏం తెలుస్తుందండీ, బూజు పట్టిందంటే?" అని. చాలా తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో మైకేల్ సీగల్, డేవిడ్ షేర్ 1990లో మూడేళ్ళ పిల్లలకి బూజు పట్టిన బ్రెడ్డు ముక్క చూపించారు. వాళ్ళ కళ్ళముందే దానిమీద వెజిమైట్ దట్టంగా పూశారు. వెజిమైట్ అంటే అక్కడి పిల్లలు రోజూ బ్రెడ్డుకి రాసుకుతినే నల్లటి ముద్ద, మన ఇళ్ళల్లో జామ్ లాగా. ఇప్పుడు బూజు కనపడదు. పైకి బ్రెడ్డు బాగానే ఉంది. ఇది తినడానికి బాగున్నట్టు కనిపిస్తోందా, నిజంగా బాగుందా అని అడిగితే, ఆ పిల్లల్లో చాలామంది కనిపించేదానికీ ఉన్నదానికీ తేడా చెప్పగలిగారు. బొద్దింక పడిన పానీయంలోంచి బొద్దింకని తీసేసినా అది తాగకూడదని చెప్పారు. పది నెలల వయసులో తళతళ కోసం చెయ్యి చాచిన బిడ్డ మూడేళ్ళకి తళతళ వెనకాల ఏముందో అడిగేదాకా వచ్చేసింది. ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో అదే నేను చెప్పేది. వందలసార్లు ఎవరో పక్కన నిలబడి చూపించారు.

కాబట్టి చూపించండి. బజారుకి వెళ్ళేటప్పుడు పిల్లని ఇంట్లో ఫోన్ ముందు కూర్చోబెట్టకండి, చంకన వేసుకుని వెళ్ళండి. బెండకాయ కొన విరిచినప్పుడు ఆ 'టప్' చప్పుడు పిల్లకి వినిపించండి. విరగకుండా వంగిపోయిన ముదురుకాయ కూడా చూపించండి. వంకాయకి పుచ్చు కన్నం ఉంటే "ఇదిగో, లోపల పురుగుంది" అని అక్కడే చెప్పండి. ఇంటికొచ్చాక కోసి ఆ పురుగుని చూపించండి. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు పిల్ల ఎదురుగా రెండు పళ్ళాలు పెట్టండి, ఒకటి మంచివాటికి, ఒకటి పారేసేవాటికి. పాడైనదాన్ని గుట్టుచప్పుడు కాకుండా చెత్తబుట్టలో వేసేస్తే పిల్లకి పాఠం పోతుంది. పిల్లకి అందకుండా మన చేతిలోనే పట్టుకుని, మంచి టమాటా పక్కన మెత్తబడ్డ టమాటా పెట్టి, పేరు పెట్టి చెప్పండి: ఇది నవనవలాడుతోంది, ఇది కుళ్ళింది. మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. వాడిపోయింది, వడలింది, ముదిరింది, మాగింది, మగ్గింది, మెత్తబడింది, పుచ్చింది, కుళ్ళింది, బూజు పట్టింది, ముక్కిపోయింది, పాచిపోయింది, పులిసింది. ఒక్కో మాట ఒక్కో తేడాని కంటికి పట్టిస్తుంది. అన్నిటికీ కలిపి "పాడైంది" అనో "ఫ్రెష్‌గా లేదు" అనో తేల్చేస్తే పిల్లకి ఒక్క తేడానే అందుతుంది. ఈ మాటలు పోతున్నాయని నాకు నిజంగా బాధగా ఉంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కన్ను మెరుపుకి లొంగుతుందని మనకంటే ముందు వ్యాపారానికి తెలుసు. ఆకుపచ్చటి పట్టా కింద కూరలు, ఎర్రటి లైటు కింద మాంసం అందుకే పెడతారు. పిల్లతో వెళ్ళినప్పుడు కాయని ఎండలోకి తీసుకొచ్చి చూపించండి. పచ్చిమిర్చికి, బెండకాయకి మాలకైట్ గ్రీన్ అనే రంగు పూస్తారని అనుమానముంటే లిక్విడ్ పారఫిన్‌లో ముంచిన దూదితో రుద్ది చూడమని తిండి కల్తీల సంగతి చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెబుతుంది. దూదికి పచ్చరంగు అంటితే కల్తీ ఉన్నట్టే. కార్బైడ్‌తో మామిడికాయలు పండించడం మన దేశంలో నిషేధం. అయినా ఎండాకాలం మొదట్లోనే ఒకే రకంగా పసుపుపచ్చగా నిగనిగలాడే కాయలు బండిమీద కనిపిస్తే, తొడిమ దగ్గర వాసన చూసి గానీ కొనకండి. పిల్ల ముక్కు దగ్గర కూడా పెట్టండి.

ఇంకోటి. కంటికి అందనివి ఉన్నాయి. సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉన్న గుడ్డు పైకి ఎంతో తాజాగా కనిపిస్తుంది. వండినది ఏదైనా రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఎండలకి ఇది మరీ అవసరం. పొద్దున కాచిన రాగిజావ మధ్యాహ్నానికి చూడటానికి అలాగే ఉంటుంది, నమ్మకండి. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించవద్దు. ఎంత స్వచ్ఛంగా మెరిసే తేనె అయినా అందులో ఉండగల, బాటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు పసిపేగుల్లో ప్రమాదం తెస్తాయి. పుట్టగానే తేనె నాకించే అలవాటు మనలో ఇంకా చాలా ఇళ్ళల్లో ఉంది. ఈ ఒక్క మాట మాత్రం ఇంటికెళ్ళి మీ అత్తగార్లకి, అమ్మమ్మలకి చెప్పండి.

మొన్నటి బజారు సంగతి సగంలో ఆపాను. తోటకూర కొన్నాక టమాటాల దగ్గరికి వెళ్ళాం. మా మనవరాలు గంపలోంచి ఒకటి తీసింది, ఎర్రగా నిగనిగలాడుతోంది. నేను దాన్ని తిప్పి చూస్తే అడుగున పగిలి నీరు కారుతోంది. "చూడమ్మా, ఇటుపక్క చూడు, కారిపోతోంది" అని ఆ పగులుని చూపించాను. పిల్ల టమాటాని చూడలేదు. నా మొహం చూసింది. నేను మొహం చిట్లించాను. అప్పుడు మళ్ళీ టమాటాని చూసి, పగులులో వేలు పెట్టబోయి, ఆగింది.